అలను ముందుగా చూసిన మనిషి

మా మామయ్య మనుషుల మొహాలు మర్చిపోతాడు గానీ పాదాలు మర్చిపోడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "నన్ను గుర్తుపట్టారా?" అని ఎదురొస్తే ముందు తల వంచి వాళ్ళ కాళ్ళ వంక చూసేవాడు. "ఎందుకు గుర్తులేదూ! ఎడమ బొటనవేలి పక్క ఎముక కాస్త పొడుచుకొచ్చి ఉంటుంది. రైల్వేలో చేసేవారు కదూ?" అనేవాడు. అవతలివాళ్ళకి నవ్వాలో నొచ్చుకోవాలో తెలిసేది కాదు. మా అత్తయ్య చాటుగా మోచేత్తో పొడిచేది.

వయసంతా పాదాలతోనే గడిపిన మనిషి మరి. బూటు కుట్టాలంటే లోపల పాదం ఆకారంలో ఒక చెక్క అచ్చు ఉండాలి. దాని మీద తోలు లాగి, బిగించి కుడతారు. ఆ అచ్చులు చెక్కడం మామయ్య పని. కుడిది చెక్కి, దానికి అద్దంలో బొమ్మలా ఎడమది చెక్కాలి. ఎక్కడా గీత మందం తేడా రాకూడదు. కళ్ళు మూసుకుని బొటనవేలితో అచ్చు ఒంపంతా ఒకసారి తడిమితే చాలు, ఎక్కడ చెక్క ఎక్కువుందో ఆయనకి తెలిసిపోయేది.

ప్లాస్టిక్ అచ్చులొచ్చాక ఆ కార్ఖానా మూతపడింది. మామయ్య ఇంట్లో కూర్చున్నాడు. చేతులు ఊరుకోవు కదా, దొరికిన చెక్కనల్లా చెక్కాడు. పీట కోళ్ళు మార్చాడు, కిటికీ గడియ మార్చాడు. చివరికి వంటింట్లో గరిటెకి కొత్త పిడి వేశాడు. అత్తయ్య దాన్ని పట్టుకుని చూసి, "ఏమండీ, గరిటెకి కూడా మడమ చెక్కారు" అంది. మామయ్య నవ్వలేదు. అప్పుడే అత్తయ్యకి భయం వేసిందట.

అత్తయ్య వాళ్ళన్నయ్య రేవులో లాంచీ నడుపుతాడు. అందరూ ఆయన్ని సరంగు అనే పిలుస్తారు. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇవతలి ఒడ్డుకీ అవతలి ఒడ్డుకీ జనాన్ని చేరవేయడమే ఆయన జీవితం. ఆ లాంచీలో రోజూ ఒకావిడ ఎక్కేది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. వెనక కమ్మీ పట్టుకుని నీళ్ళలోకే చూస్తూ నిలబడేది. ఏదో దిగులు మనిషని సరంగు ఒక కన్ను వేసి ఉంచాడట. ఒకరోజు ఆవిడే వచ్చి, "సరంగు గారూ, మీ లాంచీ వెనకాల అల ఎంత పెద్దదో చూశారా?" అంది.

"అది ఇంజను బలం అమ్మా" అన్నాడు సరంగు, మీసం దువ్వుకుంటూ.

"బలం కాదండీ, వృథా. మీరు పోసే నూనెలో సగం ఆ అలని లేపడానికే పోతోంది."

సరంగుకి చురుక్కుమంది. కానీ ఆవిడ మాట మార్చి, చెక్కని రెండు పక్కలా ఒక్కలాగే చెక్కగలిగే పనివాళ్ళెవరైనా తెలుసా అని అడిగింది. "మా బావ ఉన్నాడు. కుడి ఎడమలు కలలో కూడా కలవరిస్తాడు" అన్నాడాయన.

అలా మామయ్య ఆవిడ పనిచేసే, పడవల నమూనాలు పరీక్షించే తొట్టి దగ్గరికి చేరాడు.

దాన్ని తొట్టి అంటారు గానీ, అది ఒక పొడుగాటి హాలు. ఇటు చివర నిలబడితే అటు చివర మనిషి చిటికెనవేలంత కనిపిస్తాడు. హాలు నిండా నీళ్ళు. పైన రెండు పట్టాలు, వాటి మీద తొట్టికి అడ్డంగా ఒక బండి. బండి కింద చిన్న పడవ నమూనా కట్టి నీళ్ళ మీద లాగుతారు. ఎంత బరువుగా లాగాల్సొస్తోందో ఒక యంత్రం కొలుస్తుంది. మామయ్య మొదటిరోజు అక్కడి నీళ్ళు చూసి చెప్పులు విప్పేశాడు. అంత కదలని నీళ్ళు ఆయన అంతకుముందు చూడలేదు. పైకప్పులో రేకులన్నీ కింద నీళ్ళలో కూడా ఉన్నాయి.

"పట్టాలు ఎంత సూటిగా ఉన్నాయమ్మా!" అన్నాడు.

"సూటిగా లేవు బాబాయ్" అందావిడ. "నీటి మట్టానికి సమానంగా వేశారు. నీళ్ళు భూమిని అంటిపెట్టుకుని ఉంటాయి కదా, భూమి గుండ్రం. అందుకని ఈ పట్టాలు కూడా మధ్యలో గోటి మందమంత పైకి వంగి ఉంటాయి."

మామయ్య ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పినప్పుడు కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "భూమి వంపు, అమ్మాయ్! హాల్లో! నేను దాని పక్కనే నిలబడి టీ తాగాను" అన్నాడు. నేను అప్పుడు కాలేజీలో చదువుతూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. నాకూ ముద్ద దిగలేదు.

ఆవిడ పడవల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుంది కాబట్టి అక్కడందరూ డాక్టరమ్మ అంటారు. మామయ్య డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాడని వీధంతా తెలిసింది. మోకాళ్ళ నొప్పులని ఒకరు, పిల్లాడికి దగ్గు తగ్గలేదని ఒకరు సిఫార్సు కోసం వచ్చేవాళ్ళు. "ఆవిడ పడవలకే చూస్తుందండీ" అని అత్తయ్య గుమ్మంలోనే తిప్పి పంపేది. వాళ్ళు నమ్మితే కదా.

పనిలో మొదటి గండం బొమ్మ చదవడం. డాక్టరమ్మ బల్ల మీద పరిచిన కాగితంలో పడవ ఎక్కడా లేదు. ఉన్నవల్లా ఒకదానిలో ఒకటి దూరిన ఒంపు గీతలే. మామయ్యకి పాలుపోలేదు. డాక్టరమ్మ తన టిఫిన్ డబ్బాలోంచి ఒక కీరదోసకాయ తీసి అడ్డంగా చక్రాలు కోసింది. "ఒక్కో చక్రం అంచూ ఒక్కో గీత. ముక్కు వైపు చక్రాలు కుడి పక్కన గీశాం, తోక వైపువి ఎడమ పక్కన." ఇంకో కాయని పొడవునా పలకలుగా కోసింది. "ఇవి నీటి మట్టం గీతలు. నీళ్ళు పడవని ఇలా కోసి చూస్తాయి." మామయ్య ఆ చక్రాలన్నీ మళ్ళీ వరసగా పేర్చి, బొటనవేలితో తడిమాడు. కాగితంలోంచి పడవ లేచొచ్చిందట. తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని ఉప్పేసుకుని తిన్నారు.

మొదటి నమూనా మనిషి నిలువుకి కాస్త ఎక్కువ పొడవు. పలకలు అతికించి, చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, రంగేసి, అద్దంలా తయారుచేశాడు. డాక్టరమ్మ దాని చుట్టూ తిరిగి చూసి మెచ్చుకుంది. తర్వాత సూది తలకాయలంత చిన్న మేకులు తెచ్చి, ముక్కుకి కాస్త వెనగ్గా ఒక వరస కొట్టమంది.

మామయ్య మొహం మాడిపోయింది. "నున్నగా చెయ్యమంది మీరే. ఇప్పుడు మేకులు కొట్టమనేదీ మీరేనా?"

"కోపం తెచ్చుకోకండి బాబాయ్. పెద్ద పడవ ఒంటి మీద నీళ్ళు ముక్కు దాటగానే చిందరవందర అయిపోతాయి. ఇంత చిన్నదాని మీద అయితే చాలా దూరం బుద్ధిగా జారిపోతాయి. అప్పుడు మన నమూనా మనకి అబద్ధం చెబుతుంది, ఉన్నదానికంటే తేలిగ్గా వెళ్తున్నానని. ఈ మేకులు నీళ్ళని కాస్త కదిలించి నిజం చెప్పిస్తాయి."

ఆయన మేకులు కొట్టాడు. ఒక్కో దెబ్బా తన వీపు మీద పడ్డట్టే ఉందన్నాడు.

ఆ మధ్యాహ్నమే దాన్ని లాగారు. మామయ్యని బండి మీదకి ఎక్కించి, కింద కనిపించే కిటికీ దగ్గర నిలబెట్టారు. బండి మెల్లగా కదిలింది. నమూనా ముక్కు దగ్గర నీళ్ళు ఒక మడత లేచాయి. దాని వెనక చిన్న లోయ, మళ్ళీ మడత, మళ్ళీ లోయ. పడవ పక్కంతా చీర కుచ్చిళ్ళలా చిన్న చిన్న అలలు. రెండోసారి వేగం పెంచారు. కుచ్చిళ్ళు తగ్గాయి, ఒక్కోటీ పొడవైంది. మూడోసారి ఇంకా పెంచారు. ముక్కు దగ్గర ఒక్క శిఖరం, తోక దగ్గర ఒక్క శిఖరం, మధ్యన పెద్ద లోయ. పడవ మొత్తం ఒకే అలలో కూర్చుంది. ఇంకాస్త పెంచేసరికి తోక కిందికి కుంగింది, ముక్కు పైకి లేచింది. యంత్రంలో ముల్లు ఒక్కసారిగా ఎగబాకింది.

"ఏమైందమ్మా?"

"తను లేపిన అలే దానికి గట్టు అయింది. ఇప్పుడు ఆ గట్టు ఎక్కాలి. ఎంత పెద్ద ఇంజను పెట్టినా అల ఇంకా పెరుగుతుందే తప్ప వేగం పెద్దగా పెరగదు."

"అంటే, తను తవ్విన గోతిలో తనే పడింది."

"అంతే! పడవ ఎంత పొడవుంటే ఆ గొయ్యి అంత ఆలస్యంగా వస్తుంది."

మామయ్య ముల్లు వంకా నీళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. వయసంతా ఆకారాలు చెక్కాడు, ఏ ఆకారమూ తిరిగి మాట్లాడలేదు. ఇది మాట్లాడింది.

ఆ వారమే నన్ను కూర్చోబెట్టి వర్గమూలం నేర్పమన్నాడు. నమూనా అసలు పడవలో పదహారో వంతు. కానీ దాన్ని అసలు వేగంలో నాలుగో వంతుతో లాగుతారు. అప్పుడే అలలు అదే తీరున లేస్తాయి. పదహారు ఎక్కడ, నాలుగెక్కడ అని ఆయన బుర్ర తొలిచేసుకున్నాడు. నేను పలక మీద వేసి చూపించాను. "వేగం రెట్టింపయితే అల నాలుగు రెట్లు పొడవవుతుంది మామయ్యా. వేగం నాలుగు రెట్లయితే అల పదహారు రెట్లు. దాన్నే వెనక్కి తిప్పు."

ఆయన పలక మీది పదహారుని వేలితో తడిమాడు. "ఇది ఎవరు పెట్టిన రూలు?" అన్నాడు.

"ఎవరూ పెట్టలేదు. నీళ్ళంతే."

"ఎవరూ పెట్టకుండానే ఇంత ఖచ్చితంగా ఉందా!" అన్నాడు. ఆయనకి లెక్క కష్టమనిపించలేదు. అది నిజం కావడమే తట్టుకోలేకపోయాడు.

అసలు ఆ నమూనా దేనికంటే, మా రేవుకే. అవతలి ఒడ్డు వాళ్ళకి ఆసుపత్రి ఇవతలి ఒడ్డున ఉంది. పాత లాంచీ నెమ్మదిగా పోతుంది, వేగం పెంచితే దాని అల ఒడ్డుని కోసేస్తుంది, కట్టేసిన చిన్న పడవలని ఒకదానికొకటి కొడుతుంది. అందుకని కొత్త లాంచీ కట్టాలనుకున్నారు. జనం ఎక్కువ పట్టాలని మొదట పొట్టిగా, వెడల్పుగా గీశారు. మామయ్య చెక్కింది దాన్నే. కావలసిన వేగానికి వచ్చేసరికి అది సరిగ్గా ఆ గోతిలో పడింది.

పొడవు పెంచారు, నడుము సన్నం చేశారు. ముక్కు కుదిరింది. తోక దగ్గరే చిక్కొచ్చింది. డాక్టరమ్మ ఒక ఆకారం అనుకుంది, మామయ్య మనసులో ఇంకోటి ఉంది. అడగలేక అడిగాడు. "చెక్కండి బాబాయ్, లాగి చూద్దాం" అందావిడ.

మామయ్య ప్రాణం పెట్టి చెక్కాడు. ఆడవాళ్ళ ఖరీదైన బూటు మడమలా, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడి, తేలిగ్గా పైకి లేచే ఒంపు. దాన్ని చూడ్డానికి అత్తయ్యని కూడా తీసుకెళ్ళాడు. "పడవకి ఇంత అందమెందుకండీ?" అంది అత్తయ్య. ఆయనకి అదే పెద్ద బిరుదు.

లాగారు. అన్నిటికంటే బరువుగా నడిచింది. ఆ అందమైన ఒంపు చివర నీళ్ళు వదలకుండా చుట్టుకుని, సుడులు తిరుగుతూ తోకని వెనక్కి లాగాయి. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు నాది" అంది డాక్టరమ్మ. ఆవిడ లెక్కలేసి గీసిందీ అనుకున్నంత బాగా నడవలేదు. ఆవిడ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని నవ్వేసింది. "మనిద్దరికీ మొట్టికాయ వేసింది బాబాయ్."

చివరికి కుదిరింది ఇద్దరికీ నచ్చని తోక. బ్రెడ్డుని కత్తితో కోసినట్టు చటుక్కున తెగిపోయిన వెనక భాగం, అడుగున చిన్న వాలు. మొరటుగా ఉంది. కానీ నీళ్ళు ఆ అంచు దాకా వచ్చి శుభ్రంగా వదిలేసి వెళ్ళిపోయాయి. వెనకాల నురగ కూడా పెద్దగా లేదు. మామయ్య వంగి చూస్తూ, "నీళ్ళకి మన అందంతో పనే లేదు" అన్నాడు. చిన్నబుచ్చుకుని కాదు. గొప్పవాళ్ళ ఇంట్లో అడుగుపెట్టినవాడిలా, గొంతు తగ్గించి అన్నాడు.

లాంచీ కట్టడానికి చాలా నెలలు పట్టింది. ఇనుప పలకలు వంచుతుంటే మామయ్య సెలవు రోజుల్లో కూడా వెళ్ళి చూసొచ్చేవాడు. తను చేతుల్లో ఎత్తుకున్న ఆకారం కింద ఇప్పుడు మనుషులు నిలబడి వెల్డింగ్ చేస్తున్నారు. సరంగు మాత్రం ఆటపట్టించడం మానలేదు.

"ఏం బావా, స్నానాల తొట్టిలో బొమ్మ పడవ ఆడుకుని నాకు లాంచీ ఎలా నడవాలో చెబుతావా?"

"నేను చెప్పట్లేదు బావా. ఆ వేగంలో అల మధ్య తలుపు దగ్గర లోతుగా ఉంటుంది, వెనక మెట్ల దగ్గర పైకి లేస్తుంది. కావాలంటే గుర్తుపెట్టుకో."

"ఇంకా నీళ్ళలోకే దిగలేదు, అప్పుడే అల ఎక్కడ లేస్తుందో చెప్తున్నాడు చూడవే!" అని సరంగు చెల్లెలితో అన్నాడు. అత్తయ్య ఎవరి పక్షం వహించాలో తెలియక పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

పరీక్ష రోజున మమ్మల్ని కూడా ఎక్కించుకున్నారు. జనానికి బదులు సీట్లనిండా ఇసుక బస్తాలు పెట్టారు. ఒక్కో బస్తా ఒక్కో ప్రయాణికుడిలా బుద్ధిగా కూర్చుంది. గాలి కొద్దిగా ఉంది. ఒడ్డున దూరదూరంగా రెండు స్తంభాలు పాతారు. ఒకదాని నుంచి ఇంకోదాని దాకా ఎంతసేపు పట్టిందో చూసి వేగం కడతారు. ప్రవాహం లెక్కలోకి రాకుండా వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు.

సరంగు చక్రం పట్టుకున్నాడు. డాక్టరమ్మ ఆయన పక్కన నిలబడి, ఇంజను ఎంత తిప్పితే ఎంత వేగం రావాలో ముందే చెప్పింది. ఆయన సరేనన్నట్టు తలూపాడు గానీ కళ్ళలో నమ్మకం లేదు.

మామయ్య వెనక మెట్ల దగ్గర కమ్మీ పట్టుకున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. లాంచీ వేగం అందుకుంది. మొదట పక్కన కుచ్చిళ్ళు. మామయ్య వేళ్ళు బిగుసుకున్నాయి. కుచ్చిళ్ళు తగ్గాయి, పొడవయ్యాయి. మధ్య తలుపు కింద నీళ్ళు నున్నగా లోపలికి దిగాయి, ఎవరో అరచేత్తో నొక్కి పెట్టినట్టు. ఆ లోయ వెనక, సరిగ్గా మా కాళ్ళ కింద, ఒక ఆకుపచ్చ ఒంపు లేచి నిలబడింది. తొట్టిలో అది ఆయన అరచేతిలో పట్టేంత ఉండేది. ఇప్పుడు మంచమంత వెడల్పుంది. అదే ఒంపు. అదే చోటు. అంచు దగ్గర అదే సన్నటి ముడత. లాంచీ ఎంత పరుగెత్తినా అది మాతోనే వస్తోంది, కదలకుండా, వదలకుండా.

మామయ్య కమ్మీ వదిలేశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది నాకు తెలుసు అమ్మాయ్" అన్నాడు. "దీన్ని నేను చూశాను. ఇది పుట్టకముందే చూశాను."

రెండు పరుగులూ అయ్యాక డాక్టరమ్మ కిందికి వచ్చింది. వేగం చెప్పినదానికి పిసరంత తక్కువ వచ్చిందట, గాలి వల్లా, అడుగున రంగు గరుకు వల్లా కావచ్చంది. మామయ్య కళ్ళు తుడుచుకోవడం చూసి ఆవిడ కూడా కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మీకు అలవాటే కదమ్మా ఇదంతా" అన్నాడు సిగ్గుపడుతూ.

"లేదు బాబాయ్. లెక్క సరిపోతుందని తెలుసు. సరిపోయిన ప్రతిసారీ మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. మనం ఒక గదిలో కూర్చుని అడిగితే, ఇంత పెద్ద ఏరు జవాబు చెప్పింది. ఎందుకు చెప్పాలి అసలు?"

ఇద్దరూ అలనే చూస్తూ నిలబడ్డారు.

తిరిగొస్తూ రేవు పక్కగా, కట్టేసిన చిన్న పడవల ముందు నుంచి వచ్చాం. సరంగు అలవాటు కొద్దీ వేగం తగ్గించబోతే డాక్టరమ్మ వద్దంది. ఆయన పళ్ళు బిగించి అలాగే పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూశాం. మా అల ఒడ్డు చేరేసరికి మనిషి నిద్రలో ఒత్తిగిలినట్టు ఆ పడవలు ఒకసారి అటూ ఇటూ ఒరిగి ఊరుకున్నాయి. సరంగు చక్రం డాక్టరమ్మ తెచ్చిన కుర్రాడికిచ్చి వెనక్కి వచ్చాడు. మధ్య తలుపు దగ్గర వంగి చూశాడు. మెట్ల దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆటపట్టించడానికి ఏమీ దొరకలేదు కాబోలు, మామయ్య పక్కన ఇసుక బస్తాని జరిపి కూర్చున్నాడు.

"బావా, అల ఎక్కడ లేస్తుందో ఇంకోసారి చెప్పు, నిదానంగా" అన్నాడు.

మామయ్య తన రెండు అరచేతులూ దగ్గరగా చేర్చి పడవ చేశాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన ఇప్పటికీ తొట్టి దగ్గరే పనిచేస్తున్నాడు. చేపల పడవలు, ఇసుక పడవలు, ఒకసారి పేరు కూడా పలకలేని పెద్ద ఓడ ఒకటి చెక్కాడు. ప్రతి నమూనా లాగే ముందు తన అంచనా డాక్టరమ్మ చెవిలో చెబుతాడు. కొన్నిసార్లు సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. సరిపోని రోజే ఇంటికి ఎక్కువ హుషారుగా వస్తాడని అత్తయ్య అంటుంది. ఒక్కోసారి నమూనా పరుగు అయ్యాక నీళ్ళు మళ్ళీ కదలకుండా అయ్యేదాకా అందరూ టీకి వెళ్తారు. మామయ్య వెళ్ళడు. గట్టు మీద కూర్చుని, ఆ చివరి చిన్న అల కూడా అణగిపోయి పైకప్పు రేకులు నీళ్ళలో ఒక్కొక్కటే నిలబడడం చూస్తుంటాడు.